గెలాక్సీల మ్యాప్ మీ లాప్‌టాప్‌లో మీరే గీసి, అందులో వాయిడ్‌లు పట్టుకోవడం ఎలా

ఆకాశం ఫొటోలో గెలాక్సీలన్నీ ఒకే అద్దం మీద చల్లిన ఇసక రవ్వల్లా కనిపిస్తాయి, ఏది దగ్గరో ఏది దూరమో తెలీదు. ఒక్కోదానికి దూరం కూడా లెక్కేసి గీస్తే మాత్రం బొమ్మ మొత్తం మారిపోతుంది. దారాలు, ముడులు, గోడలు, వాటి మధ్యలో కోట్ల కాంతి సంవత్సరాల వెడల్పున్న ఖాళీలు బయటపడతాయి, ఆ ఖాళీలనే వాయిడ్‌లు అంటారు. ఇది చూడ్డానికి మీకు టెలిస్కోప్ అక్కర్లేదు, ఆ పని వేరేవాళ్ళు ఏళ్ళ తరబడి కష్టపడి చేసేసి డేటా అంతా ఫ్రీగా పెట్టారు. ఒక మామూలు లాప్‌టాప్, నెట్, కాస్త పైథాన్ ఉంటే చాలు. పైథాన్ రాకపోయినా టాప్‌క్యాట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో సగం పని అయిపోతుంది.

ఒక మాట ముందే చెప్తాను. మ్యాప్‌లో చుక్కలు పెట్టడం తేలిక, ఖాళీని నమ్మడమే కష్టం. ఒకచోట చుక్క లేదంటే అక్కడ నిజంగానే గెలాక్సీ లేకపోవచ్చు, లేదా ఉన్నా మసకగా ఉండి దొరక్కపోవచ్చు, లేదా అసలు అక్కడ ఎవరూ వెతికుండకపోవచ్చు. కింద చెప్పే స్టెప్‌లలో సగం ఈ మూడింటినీ విడదీయడానికే ఉన్నాయి, వాటిని దాటేసి ముందుకెళ్ళకండి.

స్టెప్ 1: ఒక్క గెలాక్సీని చేత్తో కొలవండి

లక్షల గెలాక్సీల ఫైల్ దించుకునే ముందు ఒక్కదాని స్పెక్ట్రమ్, అంటే దాని కాంతిని విడదీసి ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత ఉందో చూపే గీత, మీ కళ్ళతో మీరు చూడాలి. స్లోన్ డిజిటల్ స్కై సర్వే (ఎస్‌డిఎస్‌ఎస్) వాళ్ళ స్కైసర్వర్ అనే సైట్ ఉంది, అందులో ఏదో ఒక స్పైరల్ గెలాక్సీ పేజీ తెరిచి దాని స్పెక్ట్రమ్ మీద క్లిక్ చెయ్యండి. ఎగుడుదిగుడు గీత ఒకటి వస్తుంది, అందులో కుడివైపు నిటారుగా లేచిన ముల్లు లాంటిది కనిపిస్తే అది చాలావరకు హైడ్రోజన్ ఇచ్చే హెచ్-ఆల్ఫా గీతే. ల్యాబ్‌లో దాని తరంగదైర్ఘ్యం 656.3 నానోమీటర్లు. మీ గెలాక్సీలో అది 689 దగ్గర కనిపించిందనుకోండి, 689ని 656.3తో భాగిస్తే 1.05 వస్తుంది, అందులోంచి 1 తీసేస్తే 0.05, అదే రెడ్‌షిఫ్ట్. దాన్ని జెడ్ అని రాస్తారు. ఆ కాంతి బయల్దేరిన దగ్గర్నుంచి మనల్ని చేరేలోపు విశ్వం 5 శాతం సాగింది కాబట్టి కాంతి అల కూడా అంతే సాగింది. సైట్‌లో ఇచ్చిన జెడ్‌తో మీరు లెక్కేసింది సరిపోతే ఇక ఫైల్‌లో ఉండే ప్రతి నంబర్ వెనకా ఏముందో మీకు తెలిసినట్టే.

ఆ నంబర్ ఎలా పుట్టిందో కూడా తెలుసుకోండి, తర్వాత పనికొస్తుంది. న్యూమెక్సికోలోని అపాచీ పాయింట్‌లో 2.5 మీటర్ల టెలిస్కోప్ ఉంది. మొదట్లో ఒక్కో ఆకాశ భాగానికి ఒక్కో అల్యూమినియం ప్లేట్ చేసి, గెలాక్సీ ఉన్న ప్రతి చోటా రంధ్రం వేసి, 640 ఆప్టికల్ ఫైబర్లను మనుషులే చేతులతో వాటిల్లో గుచ్చేవాళ్ళు. రెండు ఫైబర్లు మరీ పక్కపక్కన పట్టవు, 55 ఆర్క్‌సెకన్ల (ఒక ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు) కంటే దగ్గరగా రెండు గెలాక్సీలుంటే ఒకసారికి ఒకదానికే ఫైబర్ దక్కుతుంది. అందువల్ల దాదాపు 6 శాతం గెలాక్సీలకు స్పెక్ట్రమ్ లేకుండా పోయింది, అవి ఎక్కువగా క్లస్టర్ల (కిక్కిరిసిన గెలాక్సీల గుంపుల) నడిమధ్యలో మిస్ అవుతాయి. వాయిడ్‌ల వేటకి దీనివల్ల పెద్ద నష్టం లేదు, క్లస్టర్ల మీద పని చేసేవాళ్ళకి మాత్రం ఇది తలనొప్పే.

స్టెప్ 2: డేటా దించుకోవడం

స్కైసర్వర్‌లో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) సెర్చ్ పేజీ ఉంటుంది. స్పెక్‌ఫొటో అనే టేబుల్ నుంచి ఆకాశంలో స్థానం చెప్పే రెండు కాలమ్‌లు (ఆర్ఏ, డెక్), జెడ్, ఆర్ బ్యాండ్‌లో (ఎర్ర రంగు ఫిల్టర్‌లో) పెట్రోసియన్ మాగ్నిట్యూడ్ (ప్రకాశం కొలత, అంకె తగ్గేకొద్దీ ప్రకాశం ఎక్కువ), ఆర్ బ్యాండ్ ఎక్స్‌టింక్షన్ (దారిలో ధూళి వల్ల తగ్గిన ప్రకాశం), సర్వే పేరు అడగండి. క్లాస్ గెలాక్సీ అయ్యుండాలి, జెడ్ వార్నింగ్ సున్నా అయ్యుండాలి. ఈ రెండో షరతు మర్చిపోతే చెత్త రెడ్‌షిఫ్ట్‌లు కూడా వచ్చి, ఖాళీగా ఉండాల్సిన చోట దొంగ చుక్కలు పడతాయి. జెడ్‌కి కింద హద్దు 0.003 పెట్టండి, అంతకంటే దగ్గరి గెలాక్సీల్లో వాటి సొంత కదలికే విశ్వం సాగడం వల్ల వచ్చే వేగంతో పోటీ పడుతుంది, దూరం లెక్క నమ్మలేం. పై హద్దు ఇప్పుడే పెట్టొద్దు, అన్ని రెడ్‌షిఫ్ట్‌లూ దించుకోండి, ఎక్కడెక్కడ వెతికారో చూసే స్టెప్ 6లో కావాలి. ఫైల్ పెద్దదైతే అదే సర్వే వాళ్ళ క్యాస్‌జాబ్స్‌లో ఫ్రీ అకౌంట్ తెరిస్తే అక్కడ పెద్ద క్వెరీలు నడుస్తాయి.

ఇంకో జాగ్రత్త. ఈ సర్వేలో తర్వాత వచ్చిన బాస్ అనే ప్రోగ్రామ్ దూరపు ఎర్ర గెలాక్సీలనే ఏరుకుని తీసింది. పాత మెయిన్ శాంపిల్‌తో (ఒక హద్దు కంటే ప్రకాశవంతమైన గెలాక్సీల అసలు జాబితాతో) దాన్ని కలిపేస్తే రెండు రకాల జల్లెడలతో జల్లించింది ఒకే కుప్పలో పోసినట్టు అవుతుంది. సర్వే కాలమ్‌లో ఎస్‌డిఎస్‌ఎస్ అని ఉన్నవే తీసుకుని, మాగ్నిట్యూడ్ లోంచి ఎక్స్‌టింక్షన్ తీసేశాక 17.77 కంటే ప్రకాశవంతమైనవే ఉంచుకోండి. ఆ 17.77 నా ఇష్టం కొద్దీ పెట్టిన అంకె కాదు, మెయిన్ శాంపిల్‌కి వాళ్ళు పెట్టుకున్న హద్దే అది.

స్టెప్ 3: జెడ్ నుంచి దూరం

చేత్తో అయితే జెడ్‌ని కాంతి వేగంతో గుణించి హబుల్ స్థిరాంకంతో (విశ్వం ఎంత వేగంగా సాగుతోందో చెప్పే అంకెతో) భాగిస్తే అయిపోతుంది. కాంతి వేగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు, హబుల్ స్థిరాంకం మెగాపార్సెక్‌కి సెకనుకి 70 కిలోమీటర్లు అని పెట్టుకుంటే జెడ్ 0.05కి 214 మెగాపార్సెక్‌లు వస్తుంది. ఒక మెగాపార్సెక్ అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాలు, కాబట్టి ఆ 214 అంటే దాదాపు 70 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆస్ట్రోపై లైబ్రరీలో కాస్మాలజీ మాడ్యూల్ తీసుకుని, హబుల్ 70, పదార్థం వాటా 0.3 ఇచ్చి కోమూవింగ్ దూరం (విశ్వం సాగడాన్ని లెక్కలోకి తీసుకున్న ఇప్పటి దూరం) అడిగితే 212 వస్తుంది. 0.1 దగ్గర చేతిలెక్క 428 అంటే అది 418 అంటుంది. దూరం వెళ్ళేకొద్దీ తేడా పెరుగుతుంది కాబట్టి లైబ్రరీనే వాడండి, కానీ చేతిలెక్క ఒకసారి వేసి పక్కన పెట్టుకుంటే కోడ్‌లో యూనిట్ తప్పు జరిగినప్పుడు వెంటనే దొరికిపోతుంది.

పేపర్లు చదివేటప్పుడు మెగాపార్సెక్ పక్కన చిన్న హెచ్ కనిపిస్తే హబుల్ స్థిరాంకం 100 అనుకుని రాశారని అర్థం, ఆ అంకెని 0.7తో భాగిస్తే మన లెక్కలోకి వస్తుంది. వాళ్ళ 10 మనకి 14. దీన్ని పట్టించుకోకుండా మీ వాయిడ్‌లు పెద్దవా వాళ్ళవి పెద్దవా అని పోల్చుకుంటే అంతా తారుమారే.

స్టెప్ 4: ముందు ఒక్క ముక్క కోసి చూడండి

నేరుగా త్రీడీలోకి దూకి వాయిడ్‌లు వెతకడం నేల విడిచి సాము చేసినట్టే. ముందు పుచ్చకాయ ముక్కలా ఆకాశంలోంచి ఒక పలచటి ముక్క తీసి గీయాలి. ఏ ముక్క అంటే నేనైతే 1986లో వాలెరీ డి లాపారెంట్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా గీసిన ముక్కే తీసుకోమంటాను. ఆర్ఏ 120 డిగ్రీల నుంచి 255 దాకా, డెక్ 26.5 నుంచి 32.5 దాకా, జెడ్ 0.05 వరకు. వాళ్ళ దగ్గర అప్పుడు ఉన్నవి 1100 గెలాక్సీలే, ఒక్కోటీ విడివిడిగా కొలిచినవి, మీ ఫైల్‌లో అదే ముక్కకి అంతకు ఎన్నో రెట్లు వస్తాయి.

గీయడం ఎలాగంటే, దూరాన్ని ఆర్ఏ కోసైన్‌తో గుణిస్తే ఎక్స్, సైన్‌తో గుణిస్తే వై. మాట్‌ప్లాట్‌లిబ్‌లో చుక్క సైజు బాగా తగ్గించండి, కొంచెం పారదర్శకంగా పెట్టండి, రెండు అక్షాల స్కేల్ సమానంగా ఉండాలి, లేదంటే గుండ్రటివి కోడిగుడ్డులా సాగిపోతాయి. మనం విసనకర్ర మొనలో ఉంటాం, విశ్వం ముందుకి పరుచుకుని ఉంటుంది.

ఇప్పుడు బొమ్మని తీరిగ్గా చూడండి. ఆర్ఏ 195 దగ్గర, జెడ్ 0.023 దగ్గర మన వైపుకే చూపిస్తున్న వేలులా నిటారుగా ఒక గీత ఉంటుంది, అది కోమా క్లస్టర్. దాన్ని మొండెం అనుకుంటే అటూ ఇటూ చేతులు చాపిన మనిషి బొమ్మ కనిపిస్తుంది, 1986లో వాళ్ళకి కనిపించిందీ అదే. ఆ చేతులు అడ్డంగా సాగే గోడలో భాగం, 1989లో గెల్లర్, హుక్రా దానికి గ్రేట్ వాల్ అని పేరు పెట్టారు. గోడకి అటూ ఇటూ సబ్బు నురగలో బుడగల్లాంటి ఖాళీలు ఉంటాయి, వాటి అంచుల మీదే గెలాక్సీలు పేరుకుని ఉంటాయి. మొదటిసారి నా స్క్రీన్ మీద ఆ మనిషి బొమ్మ వచ్చినప్పుడు చాలాసేపు కదలకుండా చూస్తూ కూర్చున్నాను, డేటా నేనే దించి నేనే గీసిన బొమ్మలో అది రావడం వేరే అనుభూతి అండి.

కోమా నిజంగా వేలు ఆకారంలో లేదు. క్లస్టర్ లోపల గెలాక్సీలు సెకనుకి దాదాపు 1000 కిలోమీటర్ల వేగంతో అటూ ఇటూ తిరుగుతుంటాయి, ఆ వేగం కూడా రెడ్‌షిఫ్ట్‌లో కలిసిపోతుంది. మనం దాన్ని దూరంగా మారిస్తే 1000ని 70తో భాగించి 14 మెగాపార్సెక్‌లు ముందుకో వెనక్కో తప్పు పడుతుంది. కొద్ది మెగాపార్సెక్‌ల క్లస్టర్ అలా మన వైపు సాగిన గీత అయిపోతుంది. దీన్నే దేవుడి వేళ్ళు అంటారు. మీ మ్యాప్‌లో వేళ్ళన్నీ మన వైపే చూపిస్తుంటే కోడ్ కరెక్ట్ అన్నట్టు. ఈ వేళ్ళు వాయిడ్‌ల లోపలికి కూడా గుచ్చుకుంటాయని మాత్రం గుర్తుంచుకోండి, వాయిడ్ మధ్యలో ఒక సన్నటి గీత కనిపిస్తే అది పక్కనున్న క్లస్టర్‌ది కావచ్చు.

స్టెప్ 5: మసక గెలాక్సీల మోసం

ఇప్పుడు జెడ్ 0.2 దాకా గీయండి. దూరం పెరిగేకొద్దీ చుక్కలు పలచబడి చివర్న దాదాపు ఏమీ ఉండవు. విశ్వం అక్కడ ఖాళీగా లేదు, దూరంలో చిన్న దీపాలు కనిపించవు, పెద్ద దీపాలే కనిపిస్తాయి, అంతే. ఈ ఫైల్‌తో నేరుగా వాయిడ్‌లు వెతికితే మనకు దూరంగా ఉన్నదంతా ఒక మహా వాయిడ్ అని కంప్యూటర్ చెప్పేస్తుంది.

దీనికి మందు వాల్యూమ్ లిమిటెడ్ శాంపిల్. జెడ్ 0.1 దగ్గర ఆగుతాం అనుకోండి. అక్కడ 17.77 మాగ్నిట్యూడ్ ఉన్న గెలాక్సీ అసలు ప్రకాశం ఎంతో లెక్కెయ్యండి. ప్రకాశం లెక్కకి వాడే దూరం (లూమినోసిటీ డిస్టెన్స్) అంటే కోమూవింగ్ దూరం ఇంటూ 1.1, అది 460 మెగాపార్సెక్‌లు, దాన్ని పార్సెక్‌లలోకి మార్చి 10తో భాగించి లాగ్ తీసి 5తో గుణిస్తే 38.3 వస్తుంది. 17.77 లోంచి అది తీసేస్తే మైనస్ 20.5. కాబట్టి ఫైల్ మొత్తంలో మైనస్ 20.5 కంటే ప్రకాశవంతమైనవే ఉంచి మిగతావన్నీ తీసేయండి, దగ్గరున్నవైనా సరే. తీసెయ్యడానికి మనసొప్పదు, ముచ్చటైన దగ్గరి చిన్న గెలాక్సీలన్నీ పోతాయి, కానీ ఇప్పుడు మాత్రమే దగ్గరా దూరం ఒకే జల్లెడలో పడ్డట్టు. మొదటి మ్యాప్‌కి కె-కరెక్షన్ (రెడ్‌షిఫ్ట్ వల్ల ఫిల్టర్‌లో పడే కాంతి మారినందుకు చేసే సవరణ) వదిలేసినా ఫర్వాలేదు, ఈ దూరాల్లో అది చిన్నదే.

స్టెప్ 6: ఎక్కడ వెతికారో కూడా మ్యాప్ గీయండి

అన్నిటికంటే ముఖ్యమైన స్టెప్ ఇదే, మొదట్లో నేను వదిలేసింది కూడా ఇదే. నా కోడ్ మొదటిసారి నడిపినప్పుడు ఒక పెద్ద వాయిడ్ దొరికింది, గోళంలా చక్కగా, లోపల ఒక్క గెలాక్సీ లేకుండా. రెండు రోజులు దాని మీదే ఉన్నాను, ఫ్రెండ్‌కి బొమ్మ కూడా పంపాను. తర్వాత దూరం తీసేసి ఆర్ఏ, డెక్ మాత్రమే గీసి చూస్తే ఆ గోళంలో సగం సర్వే అంచు బయట ఉంది. అక్కడ టెలిస్కోప్ చూడనే లేదు. ఆ రోజు నుంచి ఏ ఖాళీ కనిపించినా ముందు అడిగే ప్రశ్న అక్కడ చూశారా లేదా అన్నదే.

సులువు పద్ధతి చెప్తాను. హీల్‌పై లైబ్రరీతో ఆకాశాన్ని సమాన వైశాల్యం ఉన్న గళ్ళుగా కొయ్యండి, ఎన్‌సైడ్ 64 పెడితే ఒక్కో గడి దాదాపు డిగ్రీ వెడల్పు ఉంటుంది. స్టెప్ 5లో తీసేసిన గెలాక్సీలు కూడా కలుపుకుని, అన్ని దూరాలవీ ఏ గడిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మెయిన్ శాంపిల్‌లో చదరపు డిగ్రీకి సుమారు 90 గెలాక్సీలు ఉంటాయి, మన నుంచి కోట్ల కాంతి సంవత్సరాల దాకా చూపు వెళ్తే దారిలో ఎక్కడో అక్కడ గెలాక్సీ తగలాల్సిందే, అందుకే పూర్తిగా సున్నా వచ్చిన గడి అంటే అక్కడ చూడలేదనే అర్థం. సున్నా గళ్ళు, బాగా తక్కువ వచ్చిన గళ్ళు పక్కన పెడితే మిగిలిందే మీ మాస్క్. ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ పడే చిన్న రంధ్రాలు ఈ సైజు గళ్ళలో తెలియవు, మన వాయిడ్‌ల సైజుకి అవి అడ్డం రావు.

తర్వాత ఆ మాస్క్ లోపల, జెడ్ 0.1 దాకా, ఘనపరిమాణంలో సమానంగా పడేలా ర్యాండమ్ పాయింట్లు చల్లండి, గెలాక్సీల కంటే కనీసం 10 రెట్లు ఎక్కువ. దూరాన్ని సమానంగా చల్లితే తప్పు, దూరం ఘనాన్ని సమానంగా చల్లాలి. ఈ ఫైల్ రెండు చోట్ల పనికొస్తుంది.

స్టెప్ 7: వాయిడ్‌లు పట్టడం

ఒక్కో గెలాక్సీకి ఎక్స్, వై, జెడ్ అక్షాలు మూడూ (ఈ జెడ్ రెడ్‌షిఫ్ట్ కాదు, త్రీడీలో మూడో అక్షం) లెక్కేసి పైథాన్ లైబ్రరీ సైపైలో కెడి-ట్రీ కట్టండి, దగ్గరి పొరుగుని వేగంగా వెతికిపెట్టేది అదే. ప్రతి గెలాక్సీకి మూడో దగ్గరి పొరుగు ఎంత దూరంలో ఉందో అడగండి. ఆ దూరాల సగటుకి ఒకటిన్నర రెట్లు స్టాండర్డ్ డీవియేషన్ కలిపితే ఒక హద్దు వస్తుంది, అది దాటినవి ఒంటరి గెలాక్సీలు, వాటిని తాత్కాలికంగా పక్కన పెట్టండి, మిగిలినవి గోడ గెలాక్సీలు. వాయిడ్ అంటే పూర్తి శూన్యం కాదు, లోపల అక్కడక్కడా గెలాక్సీలు ఉంటాయి, ఒక్క ఒంటరి గెలాక్సీ కోసం వాయిడ్‌ని రెండు ముక్కలు చెయ్యకూడదు కదా. వాయిడ్‌ఫైండర్ అనే పద్ధతి వెనక ఉన్న ఆలోచన ఇదే.

ఇప్పుడు 5 మెగాపార్సెక్‌లకి ఒకటి చొప్పున గ్రిడ్ పాయింట్లు పెట్టండి, మాస్క్ లోపల నాలుగైదు లక్షలు వస్తాయి, కెడి-ట్రీకి అది పెద్ద పనేం కాదు. ప్రతి పాయింట్ నుంచి దగ్గరి గోడ గెలాక్సీకి ఎంత దూరమో అదే ఆ చోట పట్టే ఖాళీ గోళం వ్యాసార్థం. అన్నిటికంటే పెద్ద గోళం తీసుకోండి, దాని లోపల పడ్డ పాయింట్లు కొట్టేయండి, తర్వాతి పెద్దది తీసుకోండి, వ్యాసార్థం 14 మెగాపార్సెక్‌ల కిందకి వచ్చేదాకా ఇలాగే. గోళం మాస్క్ బయటికి ఎంత పొడుచుకొచ్చిందో ర్యాండమ్ ఫైల్‌తో చూడండి. గోళం ఘనపరిమాణానికి ఎన్ని ర్యాండమ్‌లు ఉండాలో లెక్కేసి, అందులో 90 శాతం కూడా లోపల లేకపోతే ఆ గోళాన్ని వదిలేయండి. నా మొదటి వాయిడ్ పోయింది ఈ పరీక్షలోనే.

నిజం వాయిడ్‌లు గోళాల్లా ఉండవు, వంకరటింకరగా ఉంటాయి. ఆకారం కూడా కావాలంటే జోబోవ్ పద్ధతి ఉంది. ప్రతి గెలాక్సీకి దాని చుట్టూ ఉన్న జాగా పంచిపెట్టి, ఎక్కువ జాగా దక్కినదాన్ని పల్లంగా, కిక్కిరిసినదాన్ని గట్టుగా అనుకుని, వాన నీళ్ళు ఎటు పారి ఏ గుంటలో చేరతాయో చూస్తారు, ఒక్కో గుంట ఒక్కో వాయిడ్. రెండు రకాలూ వాస్ట్ అనే పైథాన్ ప్యాకేజీలో రెడీగా ఉన్నాయి. కానీ ముందు మీ గోళాల కోడ్ మీరే రాసుకోండి, ఓ వంద లైన్లు కూడా ఉండదు, రెడీమేడ్ దాంట్లో ఏ సెట్టింగ్ ఎందుకుందో అప్పుడే అర్థమవుతుంది.

స్టెప్ 8: నిజమా కాదా

ర్యాండమ్ ఫైల్ లోంచి సరిగ్గా మీ గెలాక్సీల సంఖ్య అంత తీసుకుని, అదే కోడ్ ఏమీ మార్చకుండా నడపండి. ఊరికే యాదృచ్ఛికంగా చల్లినా కొన్ని ఖాళీలు వస్తాయి, కానీ పెద్దవి రావు. గోళాల వ్యాసార్థాల హిస్టోగ్రామ్‌లు రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే నిజం గెలాక్సీల గీత కుడివైపుకి బాగా సాగి ఉంటుంది, ఆ తోక వాయిడ్‌లది. తోక రాలేదంటే మీ దూరాల లెక్కలో ఎక్కడో తేడా ఉంది, స్టెప్ 3కి వెనక్కెళ్ళండి.

2012లో ఇదే సర్వే ఏడో డేటా రిలీజ్ మీద చేసిన కేటలాగ్‌లో 1054 వాయిడ్‌లు వచ్చాయి, జెడ్ 0.107 వరకు. వ్యాసార్థాల మధ్యస్థం వాళ్ళ యూనిట్లలో 17, మన లెక్కలో 24 మెగాపార్సెక్‌లు. మొత్తం జాగాలో 62 శాతం వాయిడ్‌లదే, గెలాక్సీలు మాత్రం 7 శాతమే వాటిల్లో ఉన్నాయి. మీరు విడి గోళాలే తీసుకున్నారు, వాళ్ళు పక్కపక్క గోళాలని కలిపి ఒక వాయిడ్ చేశారు, కాబట్టి మీ సైజులు కొంచెం చిన్నగా వస్తే కంగారు పడకండి.

ఇంకో పరీక్ష బూటీస్ వాయిడ్. ఆర్ఏ 222, డెక్ 46, జెడ్ 0.05 చుట్టూ వెతకండి. వెడల్పు దాదాపు 33 కోట్ల కాంతి సంవత్సరాలు అని చెప్తుంటారు. 1981లో రాబర్ట్ కిర్ష్‌నర్ బృందం అక్కడ దూరదూరంగా ఉన్న మూడు చిన్న ఆకాశ భాగాల్లో రెడ్‌షిఫ్ట్‌లు తీస్తే, మూడింట్లోనూ ఒకే దూరం దగ్గర గెలాక్సీలు మాయమయ్యాయి. మూడు కిటికీల్లోంచి చూసి ఇల్లంతా ఖాళీ అనలేం కదా, అందుకని తర్వాత మధ్యలో ఇంకా వందల చోట్ల చూసి 1987లో నిర్ధారించారు. మీ మ్యాప్‌లో అది ఒకే గుండ్రటి ఖాళీలా కాకుండా కొన్ని గోళాల గుంపులా రావచ్చు, మధ్యలో సన్నటి దారాలు కూడా కనిపించొచ్చు, మీ డేటా వాళ్ళ డేటా కంటే చాలా చిక్కటిది మరి.

ఇది బాగా వచ్చాక పెద్ద డేటా కావాలంటే డెసి అనే కొత్త సర్వే ఉంది. కిట్ పీక్‌లో 4 మీటర్ల టెలిస్కోప్, 5000 ఫైబర్లు, వాటిని మనుషులు కాకుండా చిన్న రోబోలు జరుపుతాయి. 2025 మార్చిలో మొదటి డేటా రిలీజ్ వచ్చింది, గెలాక్సీలు, క్వేజార్లు, నక్షత్రాలు కలిపి 1.87 కోట్లు. అక్కడ ర్యాండమ్ ఫైల్‌లు వాళ్ళే ఇస్తారు, స్టెప్ 6 పని చాలా తగ్గుతుంది.

స్టెప్ 9: ఖాళీ లోపలికి వెళ్ళి చూడండి

పక్కన పెట్టిన ఒంటరి గెలాక్సీలు గుర్తున్నాయా, వాటిల్లో మీ పెద్ద వాయిడ్‌ల నడిమధ్యలో పడ్డవి ఓ పది ఏరండి. ఒక్కోదాని ఆర్ఏ, డెక్ స్కైసర్వర్ నావిగేట్ పేజీలో కొట్టి ఫొటో చూడండి. తర్వాత కోమా మధ్యలోవి ఓ పది చూడండి. కోమావి ఎక్కువగా పసుపు రంగు ముద్దల్లా, గీతలేమీ లేకుండా ఉంటాయి. వాయిడ్‌లో ఉన్నవి సగటున నీలంగా, ఇంకా కొత్త నక్షత్రాలు పుడుతున్నట్టు ఉంటాయి, ఇరుగుపొరుగు లేకపోవడం వల్ల వాటి గ్యాస్‌ని లాక్కునేవాళ్ళు లేరు. ఈ సర్వే నుంచే ఇలాంటి 60 గెలాక్సీలని ఎంచి, నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ రేడియో టెలిస్కోప్‌తో వాటి హైడ్రోజన్ గ్యాస్‌ని గమనించారు. అందులో విజిఎస్ 31 అనేది తప్పకుండా చూడండి, వాయిడ్ లోపల మూడు గెలాక్సీలు ఒకే వరసలో, ఒకే హైడ్రోజన్ మేఘంలో ఉన్నాయి. మీ కోడ్ ఖాళీ అని చెప్పిన చోట కూడా ఒక సన్నటి దారం ఉంది. ఆ దారం మీ మ్యాప్‌లో కనిపించదు, ఎందుకంటే అంత మసక గెలాక్సీలని స్టెప్ 5లో మనమే తీసేశాం. ఇలాంటివి కొన్నైనా చూడాలనుంటే జెడ్ హద్దు 0.03కి తగ్గించండి, అప్పుడు మైనస్ 17.8 దాకా మసకవి ఉంచుకోవచ్చు, స్టెప్ 5 నుంచి మళ్ళీ నడపండి.